చైను సాగదు బాస్... అరుగుతుంది!

యూట్యూబ్‌లో పాత మిషన్ల వీడియోలు చూసే అలవాటున్నవాళ్లకి ఈ సీను కొత్త కాదు. అమెరికాలో ఎక్కడో ఒక పొలం గట్టున, చెట్ల మధ్య, ఏళ్ల తరబడి కదలకుండా పడి ఉన్న పసుపు రంగు ట్రాక్టరు. టైర్లు ఉండవు, రెండు పక్కలా ఇనుప చైన్లుంటాయి. ఇద్దరు మనుషులు వస్తారు. ట్యాంకు కడుగుతారు, డీజిల్ పైపులు ఊదుతారు, నానా తంటాలు పడతారు. చివరికి గొట్టంలోంచి గుప్పున నల్లటి పొగ. ఇంజన్ స్టార్ట్! కామెంట్లలో చప్పట్లే చప్పట్లు.

వీడియో అక్కడ అయిపోతుంది. అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది.

కెమెరా సాధారణంగా కిందికి దిగదు మరి. చైను మీద నడిచే మిషన్‌కి బతుకంతా పెట్టే రిపేరు డబ్బులో సగం దాకా కింది భాగానికే పోతుందని ఆ లైన్లో ఉన్నవాళ్లు చెప్పే లెక్క. ఇంజన్ బాగు చేసుకోవచ్చు, రంగు కొట్టుకోవచ్చు. చైన్లు పోయాయంటే మాత్రం ఒక్కోసారి మొత్తం ట్రాక్టరు కొన్న ధర కంటే కొత్త చైన్ల బిల్లే ఎక్కువవుతుంది. గేదె కన్నా దాన్ని కట్టిన గొలుసు ఖరీదైనట్టు. మంచి ఇంజన్ ఉన్న పాత మిషన్లు బోలెడు తుక్కులోకి వెళ్లేది ఇందుకే.

ఈ వారం మన కాలమ్‌లో ఆ గొలుసు సంగతే. ఎప్పుడు బాగు చేయాలి, ఎప్పుడు మార్చాలి, ఎప్పుడు అస్సలు ముట్టుకోకుండా వదిలేయాలి? మూడోది కూడా ఒక ఆప్షనే, నిజంగా.

ముందు ఈ చైన్లు ఎందుకొచ్చాయో రెండు ముక్కల్లో చెప్పేస్తా. కాలిఫోర్నియాలో స్టాక్‌టన్ అనే ఊరుంది. దాని పక్కన నదుల డెల్టా. నేల మెత్తన, కాలు పెడితే దిగబడిపోతుంది. అప్పటి ఆవిరి ట్రాక్టర్ల బరువుకి చక్రాలు ఎంత వెడల్పు చేసినా కూరుకుపోయేవి. బెంజమిన్ హోల్ట్ అనే ఆయన 1904 నవంబరులో చక్రాలు పీకేసి, వాటి చోట చెక్క పలకలు బిగించిన చైన్లు పెట్టి నడిపి చూశాడు. బరువు అంత పొడుగునా పరుచుకోవడంతో మిషన్ దిగబడలేదు. దాని నడక చూసి ఎవరో గొంగళిపురుగు పాకినట్టుంది అన్నారట, క్యాటర్‌పిల్లర్ అన్న పేరు అలా వచ్చిందని చెబుతారు. తర్వాత 1925లో హోల్ట్ కంపెనీ, దానికి పోటీగా ఉన్న బెస్ట్ కంపెనీ కలిసిపోయి ఇప్పుడు మనకు తెలిసిన క్యాటర్‌పిల్లర్ అయింది.

మన గోదావరి జిల్లాల్లో కోతల టైములో వాన పడితే ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. టైర్ మిషన్ పొలంలో దిగదు, రైతులు చైన్ మిషన్ కోసం ఫోన్లు మొదలుపెడతారు. అదే సూత్రం. స్టాక్‌టన్ డెల్టాకీ మన డెల్టాకీ ఆ బాధ ఒకటే. కాకపోతే మన వరికోత మిషన్లకి రబ్బరు ట్రాక్ ఉంటుంది, దాని అరుగుదల కథ వేరు. ఇవాళ్టి మాట పూర్తి ఇనుప చైన్ల గురించి.

ఉదాహరణకి ఒక మిషన్ పట్టుకుందాం. క్యాటర్‌పిల్లర్ డీ2. 1938 నుంచి 1957 దాకా తయారైంది. ఆ కంపెనీ డీజిల్ ట్రాక్టర్లలో అదే బుల్లిది. అందుకే పాత మిషన్లు పోగేసేవాళ్లకి అదంటే ముద్దు, ఇంటి వెనక షెడ్డులో పడుతుంది మరి. దాని పెద్ద ఇంజన్ స్టార్ట్ చేయడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజన్ ఉంటుంది. ముందు దాన్ని స్టార్ట్ చేసి, దానితో దీన్ని తిప్పాలి. ఆ ముచ్చట ఇంకోసారి.

"సాగిపోయింది సార్"

చైను వదులైతే ఎక్కడైనా మెకానిక్ చెప్పే మాట ఇదే. బైకు చైను అయినా, పొక్లెయిన్ చైను అయినా. కానీ ఆ ఇనుము రబ్బరు కాదు, సాగదు. జరిగేది ఏంటంటే...

చైన్లో ఒక్కో కీలు దగ్గర రెండు భాగాలుంటాయి. లోపల పిన్ను, దాని మీద గొట్టం లాంటి బుష్. లింకు వంగినప్పుడల్లా పిన్ను బుష్ లోపల కొంచెం తిరుగుతుంది. లాగుడు ఎప్పుడూ ఒకే దిక్కు కాబట్టి పిన్ను ఒక పక్కనే అరుగుతుంది, బుష్ లోపలి గోడ కూడా ఒక పక్కనే అరుగుతుంది. పాత మిషన్లలో ఈ కీళ్లు పొడివి. లోపల నూనె ఉండదు, సీలు ఉండదు. కీలు లోపలే నూనె ఉండి, సీలు వేసిన చైన్లు వచ్చింది 1970ల్లోనే. బైకుల్లో మామూలు చైనుకీ ఓరింగ్ చైనుకీ తేడా తెలుసుగా, అలాంటిదే అనుకోండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక చైన్లో 36 లింకులున్నాయనుకోండి. ఒక్కో కీలు దగ్గర పిన్ను, బుష్ కలిపి 3 మిల్లీమీటర్లు అరిగాయి. కంటికి కూడా ఆనదు. కానీ 36 చోట్ల కలిపితే 108 మిల్లీమీటర్లు, అంటే నాలుగు అంగుళాల పైన. చైను అంత పొడుగు పెరిగిపోయింది. ఏ లింకూ సాగలేదు, 36 కీళ్లూ తలా కాస్త దొంగిలించాయి అంతే.

దీని వల్ల అసలు నష్టం చైను వేలాడటం కాదు. వెనక ఉండే స్ప్రాకెట్ పళ్ల మధ్య దూరం మారదు కదా, చైను కీళ్ల మధ్య దూరం మాత్రం పెరిగింది. దాంతో బుష్ పళ్ల మధ్య గుంతలో కుదురుగా కూర్చోలేదు, పంటి పైకి ఎక్కుతుంది. ఎక్కుతూ దిగుతూ పంటిని కొరికేస్తుంది. పన్ను సూదిలా మొన తేలుతుంది. బుష్ బయటి గోడ కూడా పలచబడుతుంది. ఇలా ఒకదాన్ని ఒకటి తినేసుకుంటాయి.

బైకు చైను మార్చమంటే మెకానిక్ "మొత్తం కిట్ మార్చాలి" అంటాడు, మనం డబ్బులు గుంజుతున్నాడని అనుమానపడతాం. ఆయన చెప్పేది కరెక్టే. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైను వేస్తే కొత్త చైను త్వరగా పాడవుతుంది. క్రాలర్ ట్రాక్టరులోనూ అంతే. కాకపోతే ఇక్కడ ఆ "కిట్" వందల కిలోల ఇనుము, బిల్లు కూడా దానికి తగ్గట్టే.

టేపు తీయకుండా పర్సు తీయకండి

పాత మిషన్ కొనేవాళ్లలో చాలామంది చైను వేలాడుతోందా లేదా చూసి ధర మాట్లాడతారు. అది దేనికీ కొలత కాదు. ముందు ఐడ్లర్ చక్రాన్ని ముందుకి నెట్టి బిగిస్తే ఎంత అరిగిన చైనైనా టైట్‌గా కనబడుతుంది. అమ్మేవాడికి అది తెలియదా?

ఇంకో మాయ కూడా ఉంది. ఏళ్ల తరబడి వానలో నిలబడ్డ మిషన్ కీళ్లు తుప్పుపట్టి బిగుసుకుపోతాయి. చైను గుండ్రంగా తిరగాల్సిన చోట కోణాలు కోణాలుగా నిలబడుతుంది. చూడ్డానికి వేలాడదు కాబట్టి కొత్తవాళ్లు మురిసిపోతారు.

సరైన కొలత ఇలా. స్ప్రాకెట్ పంటికీ చైనుకీ మధ్య ఒక పాత పిన్ను అడ్డం పెట్టి మిషన్‌ని మెల్లగా వెనక్కి నడిపితే చైను బిగుసుకుంటుంది, కీళ్లలోని వదులంతా బయటపడుతుంది. అప్పుడు ఒక పిన్ను అంచు నుంచి నాలుగు లింకులు దాటాక వచ్చే పిన్ను అదే అంచు దాకా స్టీలు టేపుతో కొలవాలి. మాస్టర్ పిన్ను ఉన్న చోటు వదిలేయాలి. కొత్త చైనుకి ఒక్కో లింకు దూరం 170 మిల్లీమీటర్లు అనుకుంటే నాలుగింటికి 680 రావాలి. మీ టేపు 692 చూపిస్తే ఒక్కో కీలు 3 మిల్లీమీటర్లు తిన్నదన్నమాట. మీ మోడల్‌కి కొత్తప్పుడు ఎంతో, ఎంత దాకా ఆగొచ్చో సర్వీసు పుస్తకంలో ఉంటుంది. కొలిచేటప్పుడు మిషన్ ఆపి, గేరు తీసి, బ్రేకు వేసి ఉండాలని వేరే చెప్పాలా? చెప్తున్నా.

తర్వాత బుష్ బయటి మందం. దాన్ని క్యాలిపర్‌తో ఒక్కచోట కాదు, చుట్టూ రెండు మూడు దిక్కుల్లో చూసి అన్నిటికన్నా తక్కువ వచ్చింది రాసుకోవాలి. ఆ తర్వాత లింకు ఎత్తు. రోలర్లు లింకుల మీద రైలు చక్రాల్లా దొర్లుతాయి కాబట్టి అదీ అరుగుతుంది. మరీ అరిగితే రోలర్ అంచులు పిన్నుల తలలకి తగలడం మొదలవుతుంది. పిన్ను తలలు తళతళా మెరుస్తుంటే అర్థం అదే.

ఈ మూడు కొలతలూ రాసుకున్నాకే డబ్బు మాట.

తిప్పి వేయడం

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. పిన్ను ఒక పక్కే అరుగుతుందని చెప్పుకున్నాం కదా. అంటే రెండో పక్క కొత్తగానే ఉంది. బుష్ కూడా లోపల ఒక పక్కే, బయట ఎక్కువగా ఒక పక్కే అరుగుతుంది. మరి రెంటినీ ఊడదీసి సగం చుట్టు తిప్పి మళ్లీ బిగిస్తే?

చైను పొడుగు దాదాపు కొత్తప్పటికి వచ్చేస్తుంది! కొత్త ఇనుము ఒక్క గ్రాము కొనకుండా. ఇంగ్లిష్‌లో దీన్ని "పిన్ అండ్ బుషింగ్ టర్న్" అంటారు, మనం తిప్పి వేయడం అందాం. అరిగిన దుప్పటిని మధ్యకి చింపి అంచులు కలిపి కుట్టేవాళ్లు మన అమ్మమ్మలు, అరగని బట్ట మధ్యలోకి వచ్చేది. అచ్చం అదే తెలివి.

కానీ ఇది ఇంట్లో సుత్తితో అయ్యే పని కాదు. పిన్నులు, బుష్‌లు లింకుల్లో చాలా బిగువుగా కూర్చుంటాయి. టన్నుల కొద్దీ బలంతో నొక్కే ట్రాక్ ప్రెస్ కావాలి. అమెరికాలో పాత డీలర్ల దగ్గర, కొన్ని వర్క్‌షాపుల్లో ఇది ఉంటుంది. చైను ఊడదీసి లారీలో వేసుకుని వెళ్లాల్సిందే. మామూలు హైడ్రాలిక్ ప్రెస్‌తో సొంత ఫిక్చర్లు చేసుకుని ఒక్కో కీలూ తిప్పుకునే మొండివాళ్లూ ఉన్నారు, వాళ్లకో దండం.

ఇందులో కీలకం టైమింగ్. బుష్ ఇనుము మొత్తం ఒకే గట్టిదనంతో ఉండదు. పైన గట్టి పొర, లోపల కాస్త మెత్తన. గట్టి పొర ఉన్నంతకాలం అరుగుదల నిదానం. అది దాటిపోయాక అరుగుదల పరుగందుకుంటుంది, పలచబడ్డ బుష్ పగులుతుంది. పగిలిన బుష్‌ని తిప్పి లాభం లేదు. అంటే తిప్పి వేయడానికి ఒక గడువుంది. ఆ గడువు కనబెట్టడానికే పైన చెప్పిన కొలతలు. ఇంకో షరతు, ఇది ఒక్కసారే చేయగలం. రెండు పక్కలూ అరిగాక తిప్పడానికి మూడో పక్క ఉండదు. అప్పుడు లింకులు బాగుంటే పిన్నులు, బుష్‌లు మాత్రం కొత్తవి వేయించొచ్చు. లింకుల ఎత్తు కూడా పోతే ఇక చైను మొత్తం మార్చడమే.

తిప్పేటప్పుడు స్ప్రాకెట్ సంగతి కూడా చూడాలి. పళ్లు ముందుకు నడిచేటప్పుడు ఒక ముఖం మీదే ఎక్కువ అరుగుతాయి. అందుకని ఎడమ పక్క స్ప్రాకెట్‌ని కుడికి, కుడిది ఎడమకి మార్చే ట్రిక్కు ఉంది. అరగని ముఖం పనిలోకి వస్తుంది. డీ2 లాంటి పాత వాటిలో స్ప్రాకెట్ షాఫ్టు మీద బిగుసుకుని ఉంటుంది, ఊడదీయడానికి పెద్ద హైడ్రాలిక్ పుల్లర్ కావాలి. పళ్లు మరీ పోతే పాత పళ్ల రింగు కోసేసి కొత్త రింగు వెల్డింగ్ చేసేవాళ్లున్నారు. చేయి తిరిగిన వెల్డరైతే అది నిలబడుతుంది.

మధ్యలో ఒక ముచ్చట. ఈ స్ప్రాకెట్లకి కావాలనే బేసి సంఖ్యలో పళ్లు పెడతారు. బుష్ ఒక గుంత విడిచి ఒక గుంతలో కూర్చుంటుంది. పళ్లు బేసి కాబట్టి ఒక చుట్టులో ఖాళీగా ఉన్న గుంతకి తర్వాతి చుట్టులో పని పడుతుంది. ప్రతి పంటికీ ఒక రౌండు డ్యూటీ, ఒక రౌండు రెస్టు. వందేళ్ల నాటి ఇంజనీర్ల బుర్రకి ఒక లైక్ కొట్టాల్సిందే.

షార్ట్‌కట్ల సంగతి

అన్నిటికన్నా పాపులర్ షార్ట్‌కట్ ఒక లింకు పీకేయడం. ఐడ్లర్ ఎంత ముందుకి జరిపినా చైను ఇంకా వదులుగా ఉంటే ఒక లింకు తీసేసి కలిపేస్తారు. వేలాడటం తగ్గుతుంది. కానీ కీళ్ల మధ్య దూరం పెరిగింది పెరిగినట్టే ఉంది కదా! బుష్‌లు పళ్ల మీదకి ఎక్కుతూనే ఉంటాయి. జ్వరం వస్తే థర్మామీటర్ పగలగొట్టినట్టు. ఏడాదికి ఒకసారి ఊరేగింపులో చదును నేల మీద నడిపే మిషన్‌కైతే పర్వాలేదంటాను, పొలంలో పని చేయించే దానికి మాత్రం వద్దు.

రెండోది పొడి చైనుకి రోజూ నూనె పోయడం. ప్రేమతో చేస్తారు పాపం. నూనెకి ఇసుక అంటుకుని ముద్దవుతుంది, ఆ ముద్ద కీళ్లలో చేరి సానరాయిలా అరగదీస్తుంది. తుప్పుపట్టి బిగుసుకున్న కీళ్లు వదలడానికి ఒకసారి నూనెలో నానబెట్టడం వేరు, అది చేయాల్సిందే. అలవాటుగా పోయకూడదు.

రోలర్లకీ ఐడ్లర్లకీ వెల్డింగ్‌తో లోహం కట్టి, మళ్లీ లేత్ మీద సైజుకి తేవడం మాత్రం షార్ట్‌కట్ కాదు, పద్ధతైన రిపేరే. ప్లేట్ల మీద నేలని పట్టుకునే గట్లు అరిగిపోతే వాటి మీద కొత్త ఇనుప కడ్డీ వెల్డింగ్ చేయడం కూడా అంతే. ఊరేగింపు మిషన్‌కైతే అరిగిన గట్లు అలాగే ఉండనివ్వండి. పైగా పదును లేని గట్లు సిమెంటు నేలని తక్కువ పాడుచేస్తాయి.

మార్చడమే గతి అయితే

కొత్తవి దొరుకుతాయా? క్యాటర్‌పిల్లర్ లాంటి ఎక్కువ అమ్ముడైన బ్రాండ్లకి వేరే కంపెనీలు తయారుచేసే చైన్లు దొరికే అవకాశం ఎక్కువ. మూతపడ్డ కంపెనీల మిషన్లకైతే వెతుకులాటే. పాత మిషన్లు ముక్కలు చేసి అమ్మే యార్డులు, క్యాటర్‌పిల్లర్ పాత మిషన్ల యజమానుల క్లబ్బు ఏసీఎంఓసీ లాంటి సంఘాల సభ్యులే అక్కడ దిక్కు.

సెకండ్‌హ్యాండ్ చైను కొనేటప్పుడు మోడల్ పేరు ఒక్కటీ చెబితే సరిపోదు. డీ2లోనే 4యూ సిరీస్‌కి రెండు చైన్ల మధ్య దూరం 40 అంగుళాలు, 5యూకి 50 అంగుళాలు. ఇంజన్ అదే, మిషన్ వెడల్పు వేరు. అందుకని సీరియల్ నంబరు దగ్గర పెట్టుకోండి. లింకు మీద అచ్చుపోసిన పార్ట్ నంబరు ఫొటో తీసుకోండి, లింకుల లెక్క, ప్లేటు వెడల్పు, బోల్టు రంధ్రాల దూరం రాసుకోండి. అమ్మేవాడు "మంచి కండిషన్" అంటే నాలుగు లింకుల కొలత టేపు పెట్టి ఫొటో పంపమనండి. పంపని వాడి దగ్గర కొనకండి.

ఇక మొదట్లో అన్న మూడో ఆప్షన్. ఏమీ చేయకపోవడం. కాంట్రాక్టరు లెక్క, కలెక్టరు లెక్క ఒకటి కావు... జిల్లా కలెక్టరు కాదండీ, పాత మిషన్లు కలెక్ట్ చేసేవాడు. మీ చైన్లో ఇంకా 500 గంటల ఆయుష్షు ఉందనుకోండి. రోజూ పని చేసే మిషన్‌కి అది కొన్ని నెలల ముచ్చట. మీరు ఏడాదికి 25 గంటలు నడిపితే? ఇరవై ఏళ్లు! పని మిషన్ వాళ్లు పారేసిన చైను మీకు జీవితకాలం రావచ్చు. ఆ డబ్బు రేడియేటర్‌కో, స్టీరింగ్ క్లచ్‌లకో పెట్టుకోవచ్చు. వీడియోల్లో చూసి "అన్నీ కొత్తవి వేయాలి" అని వెర్రెత్తిపోనక్కర్లేదు.

ఒక్క చోట మాత్రం ఈ లెక్క పనిచేయదు. వాలు. క్రాలర్ ట్రాక్టరుకి బ్రేకు చైను ద్వారానే పనిచేస్తుంది. చైను ఊడిపోయిన పక్క నడకా ఉండదు, బ్రేకూ ఉండదు. చదునులో ఊడితే సాయంత్రం పాడవుతుంది, అంతే. గట్టు ఎక్కుతూనో, ట్రైలర్ ర్యాంపు మీదో ఊడితే టన్నుల బరువు అడ్డదిడ్డంగా జారుతుంది. పళ్ల మీద టకటకమంటూ ఎగురుతున్న చైనుతో వాలు ఎక్కించకండి.

ప్రాణం మీదకి తెచ్చేవి

నవ్వులు పక్కన పెట్టి చదవండి. ఐడ్లర్ వెనక ట్రాక్ ఫ్రేములో ఒక పెద్ద స్ప్రింగు ఉంటుంది. రాయి తగిలినప్పుడు ఐడ్లర్ వెనక్కి జరగడానికి దాన్ని టన్నుల బలంతో నొక్కిపెట్టి బిగించి ఉంచుతారు. చైను టైట్ చేసే స్క్రూ వేరు, ఈ స్ప్రింగు బోల్టు వేరు. తేడా తెలియకుండా ఈ బోల్టు విప్పితే స్ప్రింగు ఫిరంగి గుండులా వస్తుంది. మనుషులు చచ్చిపోయారు. దానికి తగిన ప్రెస్, కేజ్ ఉన్న చోటే దాన్ని విప్పాలి.

పాత వాటిలో స్క్రూతో టైట్ చేస్తారు, తర్వాతి వాటిలో గ్రీజు పంపుతో. ఆ గ్రీజు లోపల విపరీతమైన ప్రెజర్‌లో ఉంటుంది. వదులు చేసేటప్పుడు వాల్వు ఒక చుట్టు మించి తిప్పకూడదు, ముఖం ఎదురుగా పెట్టకూడదు, కారుతోందా అని చేత్తో తడమకూడదు. చర్మంలోకి గ్రీజు దూరితే పైకి చిన్న చుక్కలాగే కనిపిస్తుంది. పసుపు రాసి ఊరుకోకండి, అది వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిన గాయం.

చైను ఊడదీసేది మాస్టర్ పిన్ను దగ్గర. దాని తల మీద గుర్తో, మిగతా వాటికన్నా తేడానో ఉంటుంది. దాన్ని ఐడ్లర్ ముందు, నడుం ఎత్తుకి తెచ్చి, చైను కింద దిమ్మెలు పెట్టి, టెన్షన్ పూర్తిగా తీసేశాకే సమ్మెట ఎత్తాలి. గట్టి ఇనుము మీద గట్టి ఇనుము కొడితే పెచ్చులు లేస్తాయి, బుల్లెట్ల లాంటివి. కళ్లద్దాలు తప్పనిసరి. కొట్టేవాడికే కాదు, పట్టుకునేవాడికీ, పక్కన వీడియో తీస్తున్న మీకూ. పిన్ను ఊడగానే పైన ఉన్న చైను దబ్బున జారుతుంది. ఆ దారిలో కాలు ఉండకూడదు.

మన దగ్గర?

మనకీ ఈ మిషన్లతో పాత చుట్టరికమే. స్వాతంత్య్రం వచ్చిన కొత్తలో, రెండో ప్రపంచ యుద్ధం తర్వాత మిగిలిపోయిన అమెరికన్ క్రాలర్లతో కేంద్ర ప్రభుత్వం సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్ నడిపింది. మధ్య భారతంలో రెల్లు గడ్డి కమ్మేసి బీడుపడ్డ భూముల్ని లోతుగా దున్నించే పని అది. రెల్లు వేళ్లు ఎంత లోతుకి పోతాయో మన ఏటి గట్ల మీద చూసినవాళ్లకి తెలుసు, ఎడ్ల నాగలికి లొంగదు. ఈ పనికి మిషన్లు కొనడానికి 1949లో ప్రపంచ బ్యాంకు కోటి డాలర్ల అప్పు కూడా ఇచ్చింది. తర్వాత 1964లో బెమెల్ వచ్చింది, మన బుల్డోజర్లు మనమే చేసుకోవడం మొదలైంది. సింగరేణి ఓపెన్‌కాస్టు గనుల్లో దాని డోజర్లు కనిపిస్తాయి.

అయితే మన దగ్గర వింటేజ్ కార్ల ర్యాలీలున్నాయి గానీ పాత క్రాలర్లని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. పని అయిపోతే తుక్కే. నాకైతే అది బాధగా ఉంటుంది. ఎందుకంటే పనితనం లేక కాదు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల వెల్డింగ్‌తో లోహం కట్టి లేత్ మీద తిప్పి సైజుకి తెచ్చే చేతులు బోలెడున్నాయి. పొక్లెయిన్ ఓనర్లని అడగండి, పిన్ను, బుష్, రోలర్ అనే మాటలు వాళ్లకి అన్నం, పప్పు లాంటివి. మీ ఊరి పాత ఇరిగేషన్ షెడ్డులోనో, తాతగారి స్నేహితుడి తోటలోనో అలాంటి మిషన్ ఒకటి నిలబడి ఉంటే తుక్కు వ్యాపారి కంటే ముందు మీరు టేపు పట్టుకుని వెళ్లండి.

బాగు చేశాక దాన్ని ఎలా నడిపారన్నది కూడా చైను ఆయుష్షుని తేలుస్తుంది. రివర్స్‌లో స్పీడుగా పోవడం తగ్గించండి, బుష్‌కీ పంటికీ అది బాగా చేటు. ఎప్పుడూ ఒకే పక్కకి తిప్పకండి. టైట్‌గా ఉంటే మంచిదనుకుని బిగించేయకండి, బిగుసుకున్న చైను వదులు చైను కంటే త్వరగా అరుగుతుంది. పై రోలర్‌కీ ముందు ఐడ్లర్‌కీ మధ్య ఒక నిటారు కడ్డీ పెట్టి చూస్తే, చిన్న పాత మిషన్లకి ఒకటి, ఒకటిన్నర అంగుళం వేలాడాలి. మీ పుస్తకం వేరే చెబితే అదే ఫైనల్. నల్లరేగడిలో నడిపితే మట్టి స్ప్రాకెట్ గుంతల్లో గట్టిపడి చైను దానంతట అదే బిగుసుకుంటుంది. అందుకని కడిగి శుభ్రం చేసిన షెడ్డులో కాదు, పని చేసే నేలలోనే చూసి సర్దాలి. సాయంత్రం దిగాక ఆ మట్టి గీకేయండి, రాత్రికి ఎండితే రాయే.

ప్లేట్ల బోల్టులు పాతవి మళ్లీ వాడకండి, కొత్తవే వేయించండి. వేసిన మొదటి రోజు నడిపాక ఒక్కొక్కటీ మళ్లీ టైట్ చేయాలి. 36 ప్లేట్లు, ప్లేటుకి నాలుగు బోల్టులు, రెండు పక్కలా. 288. ఫ్రెండ్స్‌ని పిలుచుకోండి, బిర్యానీ మీ ఖర్చు.

వచ్చే వారం ఆ రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజన్ సంగతి.